ఎవరి బిడ్డవు?

చదువవలసిన భాగములు: లేవీయకాండము 23:33-43, ద్వితీయోపదేశకాండము 16:13-15, నెహెమ్యా 7:61-65, 8:13-18, యోహాను 7వ అధ్యాయము.

మన తాడ్వాయి ప్రాంతములో (మేడారము త్రోవలోని తాడ్వాయి కాదు, కామారెడ్డి జిల్లాలోని మన తాడ్వాయి) క్రొత్త పిల్లవాడెవడైనను వీధిలో కనబడిన యెడల, అరుగుమీద కూర్చున్న అవ్వ మొట్టమొదట అడుగు ప్రశ్న ఒక్కటే. ఎవరి బిడ్డవు బిడ్డా? ఇది ప్రేమతో అడుగు ప్రశ్నయే. దీనిని మేము తప్పుపట్టము. అయితే దానికి వచ్చు జవాబులో తండ్రిపేరు, ఇంటిపేరు, వాడ, అన్నియు వచ్చును. ఆ పిల్లవాడు ఎవరి యింట నీళ్లు త్రాగవచ్చునో, ఎవరి ప్రక్కను కూర్చుండవచ్చునో ఆ క్షణముననే తేలిపోవును.

వేసవి సెలవులలో సంఘము బైబిలు బడి పెట్టినప్పుడు ఈ ప్రశ్న పందిరిలోనికి కూడ వచ్చును. మొదటి దినమున పిల్లలందరు కలిసి పాడుదురు. రెండవ దినమునకు ఈ వాడవారు ఒక చాపమీద, ఆ వాడవారు ఇంకొక చాపమీద చేరుదురు. హైదరాబాదునుండి అమ్మమ్మ యింటికి వచ్చిన పిల్ల ఏ చాపమీదను కుదురుకొనదు. తండ్రి దుబాయిలోను, తల్లి బీడీలు చుట్టుచు ఇంటిలోను ఉన్న పిల్లవాడు ఆలస్యముగా వచ్చి చివర నిలుచును. మనము వాక్యము నేర్పుచున్నాము గాని, ఆ పిల్లలు తాము ఈ పందిరికి చెందినవారమని నేర్చుకొనుచున్నారా? ఇదియే మన నేటి పాఠము.

మోషే ధర్మశాస్త్రములో పిల్లలకును పెద్దలకును కలిపి ఒక శిబిరము ఏర్పాటు చేయబడినది. అది పర్ణశాలల పండుగ. ఏడవ నెల పదునైదవ దినము మొదలు ఏడు దినములు ఇశ్రాయేలీయులు తమ ఇండ్లు విడిచి, కొమ్మలతో వేసిన పాకలలో నివసింపవలెను. పండుగకు తేవలసినవాటిలో ఖర్జూరజాతి చెట్టు మట్టలకు మన తెలుగు బైబిలు ఈతమట్టలు అని పేరు పెట్టినది. మన గట్లమీద ఈతచెట్లకు కొదువ లేదు గనుక ఈ మాట మనకు చక్కగా తెలియును. ఈ పండుగ ఎప్పుడు వచ్చునో గమనించుడి. కళ్లము నూర్చి, ద్రాక్షగానుగ త్రొక్కి, గాదెలు నిండిన తరువాత వచ్చును. ఎవని గాదె పెద్దది, ఎవని గాదె చిన్నది అని ఊరంతటికి తెలిసిన సమయముననే, పెద్ద యింటివాడును చిన్న యింటివాడును బయటికి వచ్చి ఒకే విధమైన ఆకుల క్రింద కూర్చుండవలెను.

కారణము 43వ వచనములో ఉన్నది. ఐగుప్తునుండి తెచ్చినప్పుడు వారి పితరులను దేవుడు పర్ణశాలలలో నివసింపజేసెనని రాబోవు తరములవారు తెలిసికొనవలెను. అనగా ఆ ఏడు దినములు ఎవరి బిడ్డవు అని అడిగిన యెడల, ప్రతివానికిని ఒకే జవాబు. పాకలలో బ్రదికినవారి బిడ్డను. దేవుడు విడిపించి తెచ్చినవారి బిడ్డను.

యూదుల పెద్దలు ఈ పాకను గూర్చి బహు సూక్ష్మముగా ఆలోచించిరి. పైకప్పు భూమినుండి మొలచినదానిని కోసి వేసినదై యుండవలెను. లోపల ఎండకంటె నీడ ఎక్కువగా ఉండవలెను. అయినను రాత్రి నక్షత్రములు కనబడునంత పలుచగా కప్పుట వారి వాడుక. వారి తల్మూదు గ్రంథములో ఒక తీర్పు మమ్మును మిక్కిలి ఆకర్షించినది. ఒకడు తనకు సొంత పాక లేకపోయినను ఇంకొకని పాకలో కూర్చుండి విధి నెరవేర్చవచ్చును. ఇశ్రాయేలీయులందరు వంతుగా ఒక్క పాకలోనే కూర్చుండినను తగియే యుండును. సొంత కొమ్మ ఒక్కటైనను లేనివానికి కూడ అచ్చట చోటున్నదన్నమాట.

ఇచ్చట ఒక చిక్కు కలదు. లేవీయకాండము 23:42లో పాకలలో నివసింపవలసినవారు ఇశ్రాయేలీయులలో పుట్టినవారు అని యున్నది. అయితే పరదేశి సంగతి యేమి? ద్వితీయోపదేశకాండము 16:14 చూడుడి. ఆ పండుగలో సంతోషింపవలసినవారిలో కుమారుడు, కుమార్తె, దాసుడు, దాసి. వారితోకూడ లేవీయుడు, పరదేశి, తలిదండ్రులు లేనివాడు, విధవరాలు ఉన్నారు. పదునొకండవ శతాబ్దమున ఫ్రాన్సు దేశములో నుండిన రాషి అను యూదుల వ్యాఖ్యాత, ఇట్టి జాబితాయే కనబడు 16:11 దగ్గర ఒక పాతకాలపు వివరణ చెప్పెను. మొదటి నలుగురు నీ యింటివారు, తరువాతి నలుగురు దేవుని యింటివారు. నీవు ఆయనవారిని సంతోషపెట్టిన యెడల ఆయన నీవారిని సంతోషపెట్టును అని దాని భావము. పరదేశికి పాక వేయుమని ఆజ్ఞ లేదు. గాని వాడు సంతోషింపకుండ పండుగ పూర్తి కాదు.

ఇప్పుడు నెహెమ్యా గ్రంథమునకు వత్తము. చెరనుండి వచ్చినవారి సంఖ్య 42,360 అని వ్రాయబడినది. వారు ఒక ఊరివారు కారు. బబులోనులో పుట్టిపెరిగిన పిల్లలు, ఒకరినొకరు ఎరుగని కుటుంబములు. ఏడవ అధ్యాయమంతయు ఎవరి బిడ్డవు అను ప్రశ్నకు జవాబుల పట్టికయే. మనము సాధారణముగా ఆ పేర్లను చదువక దాటిపోవుదుము. అట్లు దాటుటవలన 61వ వచనమును పోగొట్టుకొనుచున్నాము. తేల్మెలహు, తేల్హర్షా మొదలైన చోట్లనుండి వచ్చిన 642 మంది తమ పితరుల యింటిని చూపలేకపోయిరి. తాము ఇశ్రాయేలీయులమో కామో రుజువు చేయలేకపోయిరి. (ఎజ్రా 2:60లో ఈ సంఖ్య 652.) వంశావళి దొరకని యాజకులను యాజకత్వమునుండి తొలగించిరి, అది నిజము. అయితే ఎనిమిదవ అధ్యాయములో ధర్మశాస్త్రము చదివి, పర్ణశాలల సంగతి కనుగొని, జనులు కొండకు పోయి కొమ్మలు తెచ్చి, ఇండ్లమీదను, ముంగిళ్లలోను, మందిరపు ఆవరణములలోను, నీటిగుమ్మపు వీధిలోను పాకలు వేసికొన్నప్పుడు, చెరనుండి తిరిగివచ్చిన సమాజమంతయు అట్లు చేసెనని 17వ వచనము చెప్పుచున్నది. ఆ 642 మందిని ప్రక్కను నిలిపినట్లు అచ్చట వ్రాయబడలేదు. నూను కుమారుడైన యెహోషువ దినములనుండి అట్టి పండుగ జరుగలేదు. బహు సంతోషము పుట్టెను. జవాబు లేనివారు కూడ కొమ్మలు మోయుచున్నప్పుడు పుట్టిన సంతోషమది అని మేము తలంచుచున్నాము.

ఈ సంగతి బైబిలు కాలముతో ముగియలేదు. 1881 మొదలు 1924 వరకు తూర్పు ఐరోపానుండి ఇరువది లక్షలకు మించిన యూదులు అమెరికాకు వలసపోయిరి. వారిలో అనేకులు న్యూయార్కు పట్టణపు తూర్పు భాగములో, గాలి వెలుతురు చాలని అంతస్తుల యిండ్లలో క్రిక్కిరిసి యుండిరి. పని వెదకుకొనుచు భీవండి, బొంబాయి చేరిన మన పాలమూరు, కరీంనగరు జనులను తలంచుకొనిన యెడల వారి స్థితి మనకు బోధపడును. వేసవి వచ్చినప్పుడు ఆ పిల్లలకు నీడయు ఆటస్థలమును లేకపోయెను. కలిగినవారికి సహితము ఆటంకము లేకపోలేదు. 1877లో జోసెఫ్ సెలిగ్మన్ అను గొప్ప బ్యాంకు యజమానుడు సరటోగా అను విహారస్థలములోని హోటలుకు పోగా, యూదుడను కారణముచేత అతనికి గది ఇయ్యలేదు. ధనము కూడ ఆ గుమ్మమును తెరువలేకపోయెను. గుమ్మము వెలుపల నిలువబడుట యెట్టిదో మన తాతలను అడుగనక్కరలేదు, మనకును తెలియును.

కావున వారు తమ పిల్లలకు తామే చోటు చేసిరి. 1902లో న్యూయార్కుకు ఉత్తరముగా కోల్డ్ స్ప్రింగు దగ్గర సర్‌ప్రైజ్ లేక్ క్యాంపు అను శిబిరము బీద వలసకుటుంబముల పిల్లలకొరకు పెట్టబడెను. తరువాత ఇట్టివి అనేకములు వచ్చెను. ఐరోపాలో అరువది లక్షలమంది యూదులు చంపబడిన కొద్ది సంవత్సరములకే, 1947లో, విస్కాన్సిను రాష్ట్రములోని కోనోవరులో రామా శిబిరము ఆరంభమాయెను. అచ్చట హెబ్రీ భాషయు, ప్రార్థనయు, లేఖనములును నేర్పిరి.

ఈ శిబిరములలో పని జరుగు విధము మనము తెలిసికొనదగినది. పిల్లలు కొన్ని వారములు తలిదండ్రులను విడిచి యుందురు. కొందరు పిల్లలకు ఒక పాక, వారికి ఒక యౌవనస్థుడు పెద్ద. అతడును అనేకసారులు అదే శిబిరములో పెరిగినవాడే. శుక్రవారము సాయంకాలము స్నానము చేసి తెల్లబట్టలు కట్టుకొని విశ్రాంతిదినమును ఎదుర్కొందురు. శనివారము రాత్రి నక్షత్రములు కనబడిన తరువాత జడవలె అల్లిన క్రొవ్వత్తి వెలిగించి, వలయముగా నిలిచి, ఆ దినమును సాగనంపుదురు. పెద్దలు పాఠములకొరకు శిబిరము పెట్టిరి. అయితే పిల్లలు ముసలివారైన తరువాత కూడ జ్ఞాపకముంచుకొనునది తమ పాకలోని స్నేహితులను. ఒకే గది ఊడ్చుటవలనను, ఒకే కుళాయి దగ్గర వరుసలో నిలుచుటవలనను, రాత్రివేళ అమ్మకొరకు ఏడ్చువాని ప్రక్కను ఇంకొకడు మేలుకొనియుండుటవలనను ఆ స్నేహము పుట్టును. దావీదు యోనాతానుల స్నేహము సహితము రాజనగరులో కూర్చుండి మాటలాడుటవలననే నిలువలేదు. యోనాతాను తన దుప్పటిని తీసి కాపరివానికి ఇచ్చెను (1 సమూయేలు 18:4).

అచ్చట అంతయు మంచియేయని మేము చెప్పము. ఈ దినములలో ఆ శిబిరములకు రుసుము అధికము. సహాయధనము లేనిదే అనేక కుటుంబములు పంపలేవు. ఏటేట వచ్చువారు జట్టుగా కూడి, క్రొత్తగా వచ్చినవానిని వెలియుంచుటయు ఏ శిబిరములోనైనను కలుగవచ్చును. గుంటూరు ప్రాంతములో చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెములో తెలుగు మాటలాడు యూదులు, బెనె ఎఫ్రాయిము అనువారు, ఉన్నారు. వారు మాదిగ కుటుంబములవారు. మునుపు బాప్టిస్టు సంఘములో నుండినవారు. వారు విశ్రాంతిదినమును, యూదుల పండుగలను ఆచరించుచున్నారు. మన విశ్వాసమునకును వారి విశ్వాసమునకును భేదము గొప్పది. అయినను, మేము ఎవరి బిడ్డలము అని వారు వెదకిన వెదకులాటను మనము ఎగతాళి చేయరాదు. మన వాడలలో ఆ ప్రశ్న ఎంత నొప్పి కలిగించెనో వారికి తెలియును.

యోహాను 7వ అధ్యాయములో మన ప్రభువు ఈ పర్ణశాలల పండుగకే యెరూషలేమునకు వెళ్లెను. ఊరంతయు పాకలతో నిండియుండగా, అందరు ఒకే విమోచనను జ్ఞాపకము చేసికొనుచుండగా, జనులు ఆయననుగూర్చి అడిగినదేమి? ఈయన ఎక్కడివాడో మాకు తెలియును అనిరి (27). గలిలయనుండి క్రీస్తు వచ్చునా అనిరి (41). నికోదేము న్యాయముగా ఒక మాట పలుకగా, నీవును గలిలయుడవా యని అతనిమీద పడిరి (52). ఈతమట్టల క్రింద కూర్చుండియే ఊరిపేరు అడిగిరి! పండుగ ఆచరింపబడినది గాని దాని జవాబు వారి చెవిని పడలేదు. అదే సువార్త మొదటి అధ్యాయము 14వ వచనములో, వాక్యము మన మధ్య నివసించెనని చెప్పుచోట, గ్రీకు మాటకు గుడారము వేసికొనెనని భావము. ఆయనను అంగీకరించినవారు దేవుని పిల్లలగుటకు అధికారము పొందిరని దానికి కొంచెము ముందు, 12వ వచనములో, ఉన్నది. ఎవరి బిడ్డవు అను ప్రశ్నకు మనకియ్యబడిన జవాబు అదియే.

మెదకు దేవాలయమునకు క్రిస్మసు పండుగకు పోయి ఆవరణములో చలికి దుప్పటి కప్పుకొని పండుకొన్నవారికి ఇది కొంత తెలియును. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన ఆ గుడి నీడలో, ప్రక్కను పండుకొన్నది ఏ ఊరివారో అడుగకయే నిప్పు పంచుకొందురు. ఊరికి తిరిగి వచ్చిన తరువాత చాపలు మరల వేరగును.

కనుక ఈ సంవత్సరము బైబిలు బడి పెట్టుటకు ముందు పెద్దలు కూర్చుండి మూడు నాలుగు సంగతులు తీర్మానించుకొనుట మంచిది. పందిరి ఏ వాడలో వేయవలెను అనునది మొదటిది. గుడి ఉన్న వాడలోనే ఎల్లప్పుడు వేయుటవలన రానివారెందరో లెక్కించుడి. అన్నము ఒకే కుండలో వండవలెను. ఎవరి చేతి వంట అని గొణుగువారు కొందరుందురు. అట్టివారితో గలతీయులకు 2:11-14 కలిసి చదువుడి. అంతియొకయలో పంక్తినుండి లేచిపోయినది సామాన్యుడు కాదు, పేతురు. పిల్లలను వయస్సునుబట్టి జట్లు చేయుడి, ఇండ్లనుబట్టి కాదు; ప్రతి జట్టులో సెలవులకు వచ్చిన పిల్ల ఒకతెయైనను ఉండవలెను. ఊడ్చుట, నీళ్లు తెచ్చుట జట్టుకు వంతుగా ఇయ్యుడి. వీలైన చోట ఆడపిల్లలకు తల్లులు, మగపిల్లలకు యౌవనస్థులు తోడుగానుండి ఒక రాత్రియైనను పందిరిలో గడుపనియ్యుడి. పేర్లు వ్రాయు పుస్తకములో వాడ అను గడిని కొట్టివేయుడి. తండ్రి దూరదేశములోనున్న పిల్లల పేర్లు మాత్రము వేరుగా ఒక కాగితముమీద వ్రాసికొని, పది దినములలో ఒకసారి వారి యింటికి పోయి తల్లిని పలుకరించుడి. ఈతమట్టలు కోయుటకు బడికి ముందటి శనివారము ఉదయమున, ఎండ ఎక్కకముందే, అన్ని వాడల పిల్లలను కలిపి పంపుడి. ముండ్లు గ్రుచ్చుకొనును గనుక పెద్దవారు ఇద్దరు కత్తులతో తోడు పోవలెను.