ఆ మాత్ర నీకు పంపజాలను

వడ్లమూడి

చిరంజీవియైన మనుమనికి తాతయ్య దీవించి వ్రాయునది.

ప్రోస్టేటు వాపునకై గుంటూరు డాక్టరుగారు నాకు వ్రాసియిచ్చిన ఫినాస్టెరైడ్ మాత్రలను, జుట్టు ఊడుచున్నదని, ఒక షీటు పంపుమని మొన్న ఫోనులో అడిగితివి. నీవడిగినదానికి నేను లేదనుట ఇదియే మొదలు. కండలకై స్టెరాయిడ్ ఇంజెక్షన్లు చేయించుకొనుచున్నావని నీ తల్లి కంటతడితో చెప్పిన పిమ్మట, ఊరకుండుటకు మనసొప్పక ఇది వ్రాయుచున్నాను.

వృషణములలో జనించు టెస్టోస్టెరోనును ఒక ఎంజైము మరింత తీవ్రమైన హార్మోనుగా మార్చును. ముదిమిలో ప్రోస్టేటును పెంచునదియు, ఆ వంశలక్షణము గలవారికి తలవెండ్రుకలను రాల్చునదియు అదియే. నా మాత్ర ఆ ఎంజైమును అడ్డగించును. కావుననే అమెరికాలో 1992లో 5 మిల్లీగ్రాముల మోతాదున ప్రోస్టేటునకు అనుమతి పొందిన యీ మందు, 1997లో 1 మిల్లీగ్రాము మోతాదున బట్టతలకును వచ్చినది. ఇంతవరకు నీ ఆలోచన సరియే. కాని నీవు పొడిపించుకొనునది నాండ్రొలోను అను స్టెరాయిడు; దాని తీవ్రతను తగ్గించునది ఆ ఎంజైమే. దానిని కట్టివేసితివా, జుట్టు నిలుచుటకు మారుగా మరింత రాలవచ్చును.

జుట్టు మాట అటుంచుము. బయటి హార్మోను రక్తమున నిండగానే, మెదడు అడుగున నున్న పిట్యూటరీ గ్రంథి వృషణములకు పంపు ఆజ్ఞను మానివేయును. అవి కుంచించుకొనిపోవును, వీర్యకణములు క్షీణించును, సూది మానినను తిరిగి కోలుకొనుటకు నెలలు, కొందరికి ఏండ్లు పట్టును. ఆ సూదులవలన రొమ్ములు పెరుగకుండుటకని మీ జిమ్ములో చేతులు మారుచున్న టామోక్సిఫెన్, అనాస్ట్రజోల్ స్త్రీల రొమ్ము క్యాన్సరునకు వాడు మందులు నాయనా! ఒక మందు చేసిన చెరుపును వేరొక మందుతో కప్పుకొనుచు పోయిన దేహమునకు మిగులునదేమి?

హార్మోనును అణచుట వైద్యమున లేకపోలేదు. మగ హార్మోనును తగ్గించినచో ప్రోస్టేటు క్యాన్సరు లొంగునని 1941లో చూపిన చార్లెస్ హగ్గిన్స్‌కు 1966లో నోబెల్ బహుమతి లభించినది. కాని ఆ చికిత్సలో ఎముకలు సైతము బలహీనమగునని వైద్యులు కనిపెట్టుకొనియే యుందురు. నా చిన్న మాత్ర విషయముననే చూడుము: ప్రోస్టేటు క్యాన్సరును పసిగట్టుటకు చూచు రక్తములోని పి.ఎస్.ఎ. అంకెను అది సుమారు సగమునకు దించును గనుక, లోన క్యాన్సరున్నను అంకె మంచిదిగా కనబడవచ్చునని, పరీక్ష చీటీమీద డాక్టరుగారు మాత్ర పేరు తప్పక వ్రాయింతురు. కడుపుతోనున్న స్త్రీలు విరిగిన మాత్రను ముట్టరాదని హెచ్చరించిననాటినుండి, నీ అక్క పురిటికి వచ్చియున్నందున, ఆ షీటును నా పెట్టెలో తాళమువేసి ఉంచుచున్నాను.

1935లో టెస్టోస్టెరోను ప్రయోగశాలలో తయారగుటకు ఎంతో పూర్వమే, బలశాలి కోడి రామమూర్తినాయుడు ఇనుపగొలుసులు త్రెంచి దేశదేశముల మెప్పించెను. కండ నీకును వచ్చును. ఓపిక కావలెను, అంతే.

ఇకపై ఒక్క సూదియు వేయించుకొనకుము. ఈ ఆదివారమే బయలుదేరి రమ్ము, సోమవారము గుంటూరులో హార్మోనుల డాక్టరుకు చూపింతును. ఆ సీసాలను పారవేయక వెంట తీసికొనిరమ్ము. ఏమి వేసికొంటివో, ఎన్నాళ్లు వేసికొంటివో ఆయనకు దాచక చెప్పవలెను.