మిరప కల్లం – మూసిన తలుపు – మా టైగర్

చలికాలంలో పెంపుడు జంతువుల్ని ఇంట్లోనే ఉంచమని నెట్‌లో చదువుతుంటాం. అది మంచు కురిసే ఊళ్ల మాట. మన గుంటూరు, ప్రకాశం పల్లెల్లో సంక్రాంతి దాటాక కుక్కని లోపల కట్టేసేది చలికి కాదు, మిరప ఘాటుకి.

ఫ్రెండ్స్, ఇందులో చిన్న సైన్స్ ఉంది. మిరపలోని క్యాప్సైసిన్, క్షీరదాల నరాల్లోని టీఆర్‌పీవీ1 అనే గ్రాహకాన్ని తాకి మంట పుట్టిస్తుంది. ఆ గ్రాహకాన్ని 1997లో గుర్తించిన డేవిడ్ జూలియస్, 2021 వైద్య నోబెల్ విజేతల్లో ఒకరు. పక్షుల్లోని గ్రాహకం క్యాప్సైసిన్‌కి స్పందించదు. అందుకే కల్లంలో కోళ్లు హాయిగా తిరుగుతాయి, కుక్క తుమ్ముతుంది.

కానీ కట్టేస్తే సరిపోదు. మా టైగర్ రెండు రోజులకే మంచం కోడు కొరికేసింది. "దీనికి పిచ్చెక్కిందిరా" అన్నారు నాన్న. పిచ్చి కాదు, ముక్కుకి పనిలేక! కుక్క లోకాన్ని తెలుసుకునేది ఎక్కువగా వాసనతోనే.

ఇలా చేసి చూడండి:
• పాత దుప్పటి మడతల్లో జొన్నరొట్టె ముక్కలు దాచి వెతకనివ్వండి.
• మూడు గ్లాసులు బోర్లించి, ఒకదాని కింద ఉడికించిన గుడ్డు ముక్క పెట్టండి.
• కల్లంలో పని మొదలయ్యేలోపే పొద్దున ఓసారి బయట తిప్పండి.

ఉల్లిపాయ, చాక్లెట్ పెట్టొద్దు. పత్తి నిల్వ ఉన్న గదిలోకి రానివ్వొద్దు, గింజల్లోని గాసిపాల్ కుక్కలకి విషం.

ఇప్పుడు టైగర్ మంచం జోలికి పోవట్లేదు. దుప్పటి తీస్తే చాలు, తోక ఊపుతోంది. దాచే పని నాన్నదే!