రెండో చిట్టా ఎక్కడ ఉండాలి?

అడిక్‌మెట్‌లో ఉండే రాధ వాళ్ల నాన్న, విజయవాడలో చదువుకుంటున్న కొడుకు ఫీజుకని బ్యాంకు ద్వారా ఐదు వేల రూపాయలు పంపారనుకుందాం. 'డబ్బు చేరింది' అని జవాబు వచ్చింది. మరుక్షణమే, ఆ లెక్క రాసుకున్న కంప్యూటరు ఉన్న భవనానికి నిప్పంటుకుంది. ఇప్పుడు ఆ ఐదు వేలు ఏమయినట్లు?

నోట్లు కాలిపోలేదు. అసలు నోట్లు ఎక్కడికీ కదలనే లేదు! కదిలింది లెక్క ఒక్కటే. ఆ లెక్కే మాయమైతే నాన్న ఖాతాలో తగ్గిందా, కొడుకు ఖాతాలో పెరిగిందా చెప్పగలవారుండరు. అందుకే లెక్కకు మరోచోట రెండో ప్రతి ఉంచుతారు. ఆ ప్రతిని ఎప్పుడు రాయాలి? ఎంత దూరంలో ఉంచాలి? చిక్కంతా అక్కడే ఉంది.

చిట్టా, ఆవర్జా

మన పాతకాలపు వర్తకులు ఏ రోజు లావాదేవీలను ఆ రోజే వరసగా చిట్టాలో రాసుకునేవారు. తరవాత తీరికగా ఎవరి ఖాతా వారికి విడదీసి ఆవర్జాలో ఎక్కించేవారు. ఆవర్జా పాడైనా, మొదటి నుంచి ఉన్న చిట్టా దగ్గరుంటే దాన్ని తిరిగి రాసుకోవచ్చు.

కంప్యూటరులోని డేటాబేసు కూడా ఇదే పని చేస్తుంది. ప్రతి మార్పునూ వరస సంఖ్యతో ముందు చిట్టాలో రాస్తుంది. దీన్ని 'లాగ్' అంటారు. ఈ చిట్టాను ఎప్పటికప్పుడు మరో కంప్యూటరుకు పంపి, అక్కడా అదే లెక్క తయారయ్యేటట్లు చూడడమే 'రెప్లికేషన్'.

తరగతిలో చేసి చూడండి

ఇద్దరు విద్యార్థులకు చెరొక నోటుపుస్తకం ఇవ్వండి. మీరు వరసగా లెక్కలు చెబుతూ ఉండండి. మొదటివాడు రాసుకుని వెంటనే 'అయింది' అంటాడు. ఆ తరవాతనే దాన్ని రెండోవాడికి చెబుతాడు. మధ్యలో హఠాత్తుగా మొదటి పుస్తకం లాగేసుకోండి. మొదటివాడు 20 వరకు 'అయింది' అని ఉంటాడు. రెండో పుస్తకంలో 17 వరకే ఉండవచ్చు. అంటే మూడు లెక్కలు గల్లంతు! ఇది వేచి ఉండని పద్ధతి. వేగం ఎక్కువ, నష్టభయమూ ఎక్కువ.

ఇప్పుడు నియమం మార్చండి. రెండోవాడు 'రాశాను' అన్న తరవాతనే మొదటివాడు 'అయింది' అనాలి. పుస్తకం ఎప్పుడు లాగేసినా, 'అయింది' అన్న లెక్క ఒక్కటి కూడా పోదు. ఇది వేచి ఉండే పద్ధతి. ఇక్కడ ఒక మెలిక గమనించండి. రెండోవాడు 'విన్నాను' అంటే చాలదు, 'రాశాను' అనాలి. కరెంటు పోతే కంప్యూటరు తాత్కాలిక జ్ఞాపకంలో ఉన్నది చెరిగిపోతుంది. డిస్కు మీద రాసింది నిలుస్తుంది.

దూరం అడ్డు

అలాగైతే అందరూ రెండో పద్ధతినే పాటించవచ్చు కదా? లెక్క కట్టి చూద్దాం. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. తీగ పొడవు 1000 కి.మీ. అయితే పోయి రావడానికి సెకనులో నూరో వంతు పడుతుంది. ఒకే ఖాతాలో ఒకదాని తరవాత ఒకటి జరగవలసిన మార్పులు సెకనుకు 100కు మించవు. అదే 50 కి.మీ. అయితే 2000 వరకు సాధ్యం.

మరి దగ్గరలోనే ఉంచితే? 1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాదును ముంచెత్తి వేలమందిని బలిగొంది. 2005 జులై 26న ముంబాయిలోని శాంతాక్రుజ్‌లో ఒక్కరోజులో 944 మి.మీ. వాన కురిసింది. ఒకే ఊరిలోని రెండు ప్రతులు ఒకే వరదలో మునగవచ్చు.

అందుకని ముఖ్యమైన లెక్కలకు మూడు ప్రతులు ఉంచడం మంచిది. దగ్గరి ప్రతి కోసం వేచి ఉంటారు, దూరపు ప్రతి కోసం వేచి ఉండరు. ఒక భవనం పోతే దగ్గరి ప్రతిలో అన్నీ భద్రం. ఊరంతా మునిగినా, చివరి కొద్ది లెక్కలు తప్ప మిగిలినవన్నీ దూరాన ఉంటాయి.

మన ఊరి బండరాళ్లు

ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలో పొడుచుకు వచ్చిన గ్రానైటు బండలను చూశారా? గట్టి దక్కను పీఠభూమి మీద, సముద్రానికి దూరంగా ఉన్న హైదరాబాదుకు భూకంపాల, తుపానుల భయం తక్కువ. ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐసీ జాతీయ డేటా కేంద్రాలను నెలకొల్పిన నగరాల్లో ఢిల్లీ, పుణె, భువనేశ్వర్‌లతోపాటు హైదరాబాదు కూడా ఉంది.

బ్యాంకుల మధ్య పెద్ద మొత్తాలు చెల్లించే ఆర్‌టీజీఎస్ ఏర్పాటును రిజర్వు బ్యాంకు 2004లో ప్రారంభించింది. 2020 డిసెంబరు 14 నుంచి అది రాత్రింబవళ్లు పనిచేస్తోంది. అంతటి దాన్ని 2021 ఏప్రిల్ 18న, ముందే ప్రకటించి, 14 గంటలు ఆపారు. ఎందుకో తెలుసా? ప్రమాదం జరిగితే మరింత త్వరగా కోలుకునేటట్లు మెరుగుపరచడానికే!

చివరగా రెండు జాగ్రత్తలు. పొరపాటున ఒక లెక్క చెరిపితే రెండో ప్రతిలోనూ అది చెరిగిపోతుంది. కాబట్టి పాత ప్రతులు విడిగా దాచాలి. రెండో కంప్యూటరుతో పని నడిపి చూసే అభ్యాసం అప్పుడప్పుడు జరగాలి. ఎప్పుడూ తెరిచి చూడని గొడుగుకు చిల్లు ఉందో లేదో వానలోనే తెలుస్తుంది!

ఆలోచించండి: రెండో కంప్యూటరు చెడిపోయి 'రాశాను' అని చెప్పలేకపోతే, మొదటిది పని ఆపాలా, ఒంటరిగా సాగించాలా? రాధ వాళ్ల నాన్న అయితే ఏమంటారు?