సందేహాలు - సమాధానాలు: బ్రౌజర్ తెరుచుకోకపోతే ఫార్మాట్ చేయాల్సిందేనా?

ప్రశ్న: లేపాక్షిలో చిన్న నెట్ సెంటర్ నడుపుతున్నాను. అడంగల్, వన్-బి కాగితాల కోసం పొద్దున్నే రైతులు వచ్చి కూర్చుంటారు. మొన్న కరెంటు పోయి వచ్చినప్పటి నుంచీ ఫైర్‌ఫాక్స్ నొక్కితే ‘ఇప్పటికే నడుస్తోంది, స్పందించడం లేదు’ అని చెప్పి ఊరుకుంటోంది. తెర మీద చూస్తే ఏమీ లేదు. ఫార్మాట్ కొట్టించమంటున్నారు. నిజమేనా?
- ఒక పాఠకుడు, లేపాక్షి

జవాబు: వద్దు. మీ ఊరి గుళ్లో వేలాడే స్తంభం చూడటానికి నేలకు ఆనినట్టే ఉంటుంది. కింద గుడ్డ దూర్చి లాగితే గానీ సంగతి తెలియదు. ఇక్కడా కంటిని నమ్మకండి. తెర మీద లేని ఫైర్‌ఫాక్స్ లోపల నడుస్తూ ఉండొచ్చు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ ఒకేసారి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో ఫైర్‌ఫాక్స్ పేరు కనిపిస్తే దాన్ని ఎంచుకుని ‘ఎండ్ టాస్క్’ నొక్కండి. ఒకటికి నాలుగు ఉంటే నాలుగూ ఆపేసి, మళ్లీ తెరవండి.

అప్పటికీ మొండికేస్తే ప్రొఫైల్ దెబ్బతిని ఉంటుంది. మీ బుక్‌మార్కులు, పాస్‌వర్డ్‌లు, సెట్టింగులు దాచుకునే ఫోల్డర్ పేరే ప్రొఫైల్. దానిలోకి ఏదో రాస్తుండగా కరెంటు పోతే ఫైళ్లు సగంలో చెడతాయి. బ్రౌజర్‌ను తీసేసి మళ్లీ ఎక్కించినా సాధారణంగా ఆ పాత ప్రొఫైలే తెరుచుకుంటుంది కాబట్టి రోగం అలాగే ఉంటుంది. విండోస్ మీటతో ఆర్ నొక్కి, వచ్చిన పెట్టెలో ఇంగ్లిషులో ఫైర్‌ఫాక్స్ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, అడ్డగీత, దాని పక్కనే పెద్ద పి కొట్టండి. ప్రొఫైళ్ల జాబితా వస్తుంది. కొత్తది సృష్టించి దానితో తెరవండి. పాతదాన్ని మాత్రం చెరిపేయకండి. బుక్‌మార్కులు ‘ప్లేసెస్.ఎస్‌క్యూలైట్’ ఫైల్లో, పాస్‌వర్డ్‌లు ‘లాగిన్స్.జేసన్’, ‘కీ4.డీబీ’ ఫైళ్లలో ఉంటాయి. ఫైర్‌ఫాక్స్ మూసి, వాటిని కొత్త ఫోల్డర్లోకి కాపీ చేసుకోవచ్చు. పాస్‌వర్డ్‌ల ఫైళ్లు రెండూ కలిసి వెళ్తేనే పని జరుగుతుంది. ఫార్మాట్ చేయించి ఉంటే ఇవన్నీ పోయేవి. ఒక చిన్న యూపీఎస్ కొనండి, ఈ తిప్పలు తగ్గుతాయి.

ప్రశ్న: మా ఇంట్లో విండోస్ 7 కంప్యూటర్ ఉంది. క్రోమ్ చెడిపోతే తీసేశాను. ఇప్పుడు కొత్త క్రోమ్ ఎక్కనంటోంది.
- ఒక పాఠకురాలు, హిందూపురం

జవాబు: తప్పు మీది కాదు, కంప్యూటర్ పాడవలేదు. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2020 జనవరి 14న ముగిసింది. దాని మీద నడిచే చివరి క్రోమ్ 109. 2023 ఫిబ్రవరిలో వచ్చిన 110 నుంచి కనీసం విండోస్ 10 ఉండాలి. ఫైర్‌ఫాక్స్‌లోనైతే 115 ఈఎస్ఆర్ అనే వెర్షన్ విండోస్ 7 మీద ఎక్కుతుంది. పిల్లలు పాఠాలు చూసుకోవడానికి అది చాలు. బ్యాంకు పనులు మాత్రం ఆ కంప్యూటర్లో పెట్టుకోకండి. వాటికీ వాడాలంటే విండోస్ 7 తీసేసి, దాని బదులు లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించుకోవచ్చు. ర్యామ్ 2 జీబీ ఉన్నా అది నడుస్తుంది. ఎక్కించే ముందు ఫోటోలు, కాగితాలు పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి.

ప్రశ్న: బ్రౌజర్ తెరుచుకుంటోంది గానీ ఏ సైటూ రావడం లేదు. భద్రత లేదని హెచ్చరిస్తోంది. రోజూ పొద్దున ఇదే గోల.
- ఒక పాఠకుడు, చిలమత్తూరు

జవాబు: తెర మూలన తేదీ చూడండి. ఎన్నో ఏళ్ల వెనక్కి పోయి ఉంటుంది. ప్రతి సురక్షిత సైటుకూ ఫలానా రోజు నుంచి ఫలానా రోజు దాకా చెల్లే ధ్రువపత్రం ఉంటుంది. మీ కంప్యూటర్ లెక్కలో ఆ పత్రం ఇంకా పుట్టనే లేదు! మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలాంటి బ్యాటరీ అయిపోయింది. దుకాణంలో సీఆర్ 2032 అని అడగండి. 20 అంటే అడ్డంగా 20 మిల్లీమీటర్లు, 32 అంటే మందం 3.2 మిల్లీమీటర్లు. ప్లగ్ పీకి, పాతది తీసి, అదే వైపుగా కొత్తది పెట్టి తేదీ సరిచేయండి. రేపు పొద్దున తేదీ నిలిచి ఉంటే సైట్లూ వస్తాయి.