మంచు వేడిని పీల్చుకుంటూనే దానంతటదే ఎలా కరుగుతుంది?

స్థిర ఉష్ణోగ్రత, పీడనాల వద్ద ఒక మార్పు ఏ దిశలో సాగుతుందో ఎంథాల్పీ (పీల్చుకునే లేదా విడుదలయ్యే వేడి) ఒక్కటే నిర్ణయించదు. ఎంథాల్పీ మార్పులోంచి, ఉష్ణోగ్రతను ఎంట్రోపీ (అస్తవ్యస్తత కొలమానం) మార్పుతో గుణించగా వచ్చే లబ్ధాన్ని తీసివేస్తే వచ్చేది గిబ్స్ స్వేచ్ఛా శక్తిలో మార్పు. అది రుణాత్మకమైతే మార్పు దానంతటదే జరుగుతుంది.

ఒక మోల్ మంచు కరగడానికి సుమారు 6.01 కిలోజౌళ్ల వేడి కావాలి. ఎంట్రోపీ కెల్విన్‌కు 22 జౌళ్లు పెరుగుతుంది. 273 కెల్విన్ల వద్ద లబ్ధం కూడా దాదాపు 6.01 కిలోజౌళ్లే కాబట్టి మంచు, నీరు సమతాస్థితిలో ఉంటాయి. 283 వద్ద లబ్ధం 6.23కు చేరుతుంది, మంచు కరుగుతుంది. 263 వద్ద 5.79 మాత్రమే, అక్కడ నీరే గడ్డకడుతుంది. జౌళ్లను కిలోజౌళ్లలోకి మార్చడం మరిస్తే మాత్రం లెక్కంతా తలకిందులే.

మార్పు ఎంత వేగంగా జరుగుతుందో ఈ సూత్రం చెప్పదు. వజ్రం గ్రాఫైట్‌గా మారడం గిబ్స్ శక్తి ప్రకారం అనుకూలమే, అయినా గది ఉష్ణోగ్రత వద్ద వజ్రం చెక్కుచెదరదు. ఆ వివరం రసాయన గతిశాస్త్రంలో దొరుకుతుంది.