నీళ్ళు రాకముందే ఏది ఎత్తిపెట్టాలి?

తుంగభద్ర వచ్చి కృష్ణలో కలిసే చోట కూడవెల్లి ఉండేది. అక్కడి సంగమేశ్వరాలయం శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళలో మునుగుతుందని తేలాక, ఆ గుడిని రాయి రాయిగా విప్పి అలంపురానికి తెచ్చి మళ్ళీ నిలబెట్టారు. ఇవాళ్టికీ వెళ్ళి చూడొచ్చు. కొల్లాపూర్ వైపు జటప్రోలు మదనగోపాలస్వామి గుడి కూడా అలాగే కొత్త చోటికి చేరింది. మునిగే ఊళ్ళలో ఉన్నదంతా తరలించలేదు, తరలించడం ఎవరి తరమూ కాదు. మళ్ళీ చేసుకోలేనిది ఏదో ముందుగా తేల్చుకుని, చేతిలో ఉన్న డబ్బూ శ్రమా దాని మీద పెట్టారు.

2009 అక్టోబరు మొదట్లో అవే నదులు పొంగినప్పుడు అలంపురం, రాజోలి ప్రాంతాల జనానికి ఆ వ్యవధి దొరకలేదు. పిల్లల్నీ ముసలివాళ్ళనూ తీసుకుని కట్టుబట్టలతో మిట్ట ఎక్కడమే గగనమైంది. ఇళ్ళు పోయాయి, ఇళ్ళతోపాటు లోపలి కాగితాలూ పోయాయి. ఇల్లు మళ్ళీ కట్టుకోవచ్చు. చనిపోయిన నాన్నది ఉన్న ఒకే ఒక్క ఫొటో బురదపాలైతే ఏ పరిహారమూ దాన్ని తెచ్చివ్వదు.

ఇప్పుడు ఆ కాగితాలూ ఆ ఫొటోలూ ఫోన్లోకి చేరాయి. నల్లగొండ గడియారం సెంటర్ రద్దీలో జేబులోంచి జారినా, పొలంలో నీళ్ళ తొట్టిలో పడినా పదేళ్ళ జీవితం ఒక్క నిమిషంలో పోతుంది. ‘ఫోన్ల జాగ లేదంటుంది, ఏ క్లౌడ్ చవక? ఎన్ని జీబీలు ఫ్రీ?’ అని అడిగేవాళ్ళందరికీ నేను చెప్పేది ఒకటే. దాన్ని రెండో ప్రశ్నగా పెట్టుకోండి. పోతే మళ్ళీ దొరకనిది మీ దగ్గర ఏముంది? ముందు దీనికి జవాబు కావాలి.

ఆదివారం పొద్దున ఒక గంట తీసుకుని గ్యాలరీని ఫోల్డర్ల వారీగా చూడండి. సినిమాలు, పాటలు, ఫార్వర్డ్ వీడియోలు, గుడ్ మార్నింగ్ బొమ్మలు, ఎప్పుడో తీసిన స్క్రీన్‌షాట్లు, ఒకే ఫొటో పన్నెండు సార్లు. ఇవన్నీ పోయినా మీకు లోటు లేదు. పాప తొలి అడుగులేసిన వీడియో, బతుకమ్మ నాడు వాకిట్లో అక్కచెల్లెళ్ళంతా కలిసి దిగిన ఫొటో, అమ్మమ్మ గొంతు వినిపించే వాయిస్ మెసేజ్, యూనివర్సిటీకి ఇవ్వాల్సిన ప్రాజెక్టు రిపోర్టు, పొలం కాగితాలు. ఇవి పోతే తీరదు. రెండు కుప్పలూ వేరు చేసి చూస్తే చాలామందికి ఆశ్చర్యం వేస్తుంది, రెండో కుప్ప అంత చిన్నగా ఉంటుంది. మొదటి కుప్పను డిలీట్ చేయడానికి చేయి రాకపోతే అర్థం చేసుకోగలను. కానీ ఏది ఉంచాలో ఏది వదలాలో తేల్చలేక వాయిదా వేసే అలవాటుకే మనం నెలనెలా ఎక్కువ ప్లాన్ డబ్బు కడుతుంటాం. ఆ అలవాటును ఫోన్‌లో వదిలించుకోవడం సులువు. మొదలు ఇక్కడే పెట్టండి.

ఇక పైసల లెక్క. గూగుల్ ఖాతా ఉంటే 15 జీబీ ఉచితం. జీమెయిల్, డ్రైవ్, ఫొటోస్ మూడూ ఆ ఒక్క చోటే పంచుకుంటాయి, ఆండ్రాయిడ్ ఫోన్లలో వాట్సాప్ బ్యాకప్ కూడా ఇప్పుడు అందులోకే వెళ్తుంది. 2021 జూన్ 1కి ముందు కొంచెం కుదించిన ఫొటోలు ఈ లెక్కలోకి వచ్చేవి కావు, ఆ రోజు నుంచి వస్తున్నాయి. అందుకే ఇన్నేళ్ళూ నిండని ఖాతా ఇప్పుడు గబగబా నిండుతోంది. ఐక్లౌడ్, వన్‌డ్రైవ్ ఉచితంగా ఇచ్చేది 5 జీబీలే. ఇది రాస్తున్నప్పుడు గూగుల్ వన్‌లో 100 జీబీ నెలకు రూ.130, ఏడాదికి ఒకేసారి కడితే రూ.1,300. ఐక్లౌడ్‌లో 50 జీబీ నెలకు రూ.75. ధరలు మారుతుంటాయి కాబట్టి కట్టే ముందు యాప్‌లో చూసుకోండి.

ఫొటో ఒక్కోటి 3 ఎంబీ అనుకున్నా 100 జీబీలో ముప్ఫై వేలకు పైగా పడతాయి. గూగుల్ వన్ ప్లాన్‌ను ఇంట్లో మరో అయిదుగురితో పంచుకోవచ్చు, ఎవరి ఫొటోలు వాళ్ళకే కనబడతాయి. నలుగురున్న ఇంట్లో తలా ఏడాదికి రూ.325, రోజుకు రూపాయి కూడా కాదు. అసలు ఖర్చంతా వీడియోల దగ్గరే. 4కెలో తీస్తే ఫోన్‌ను బట్టి నిమిషానికి 170 నుంచి 350 ఎంబీ దాకా పడుతుంది, పెళ్ళిలో అరగంట తీస్తే 5 నుంచి 10 జీబీ అయిపోతుంది. రోజువారీ వీడియోలకు కెమెరా సెట్టింగ్‌లో 1080 పెట్టుకుంటే చాలు.

టెలికాం కంపెనీల ఉచిత ఆఫర్ల సంగతీ చూడాలి. 2024 ఆగస్టులో జియో తన వినియోగదారులకు 100 జీబీ దాకా ఉచితమని ప్రకటించింది. 2025 మేలో ఎయిర్‌టెల్ తన పోస్ట్‌పెయిడ్, వైఫై వినియోగదారులకు గూగుల్ వన్ 100 జీబీని ఆరు నెలలు ఉచితంగా ఇస్తామంది, ఆపైన కొనసాగితే నెలకు రూ.125. ఇలాంటివి వస్తే నిరభ్యంతరంగా తీసుకోండి. తీసుకున్న రోజే, గడువు ముగిసే తేదీని గోడ క్యాలెండర్ మీద రాయండి. ఆ తేదీ తర్వాత డబ్బు కడతారా, ఫైళ్ళు దించుకుంటారా అన్నది ఇప్పుడే తేల్చుకోండి. గూగుల్‌లో ఉన్న చోటు కంటే ఎక్కువ నిండిపోయి రెండేళ్ళపాటు అలాగే వదిలేస్తే లోపలివి తొలగించే నిబంధన ఉంది. ఉచితంగా మొదలైన చోట అది గుర్తుండాలి.

ఫొటో నాణ్యత ఎప్పుడు ముఖ్యమో చెప్పడానికి భూదాన్ పోచంపల్లి, పుట్టపాక చేనేతను మించిన ఉదాహరణ నాకు కనిపించదు. అక్కడ చిటికి కట్టే ఇంట్లో డిజైన్ గ్రాఫ్ కాగితం మీద గళ్ళుగళ్ళుగా ఉంటుంది. ఎక్కడ నూలు కట్టాలో, ఎక్కడ వదలాలో, ఏ రంగులో ముంచాలో ఆ గళ్ళే చెబుతాయి. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు 2005లో వచ్చింది, పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో వచ్చింది. ఆ గుర్తింపు ప్రభుత్వ రికార్డుల్లో భద్రంగా ఉంది. తాత గీసిన గ్రాఫు మాత్రం ఇంట్లో అటక మీద, చెదలకు అందేంత దూరంలో ఉంటుంది. దాన్ని ఫొటో తీసి వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు తగ్గుతుంది, పెద్దది చేసి చూస్తే గడికీ గడికీ మధ్య గీత చెదిరిపోయి ఉంటుంది. గీత పోయాక ఆ ఫొటో మగ్గానికి పనికిరాదు. ఇలాంటివాటిని పగటి వెలుతురులో నిటారుగా పై నుంచి తీసి, పంపేటప్పుడు ‘డాక్యుమెంట్’ రూపంలో పంపండి. బ్యాకప్‌లో ‘ఒరిజినల్ క్వాలిటీ’ ఎంచుకోండి. ఫైలు పేరులో డిజైన్ పేరు, గీసినవారి పేరు, ఏడాది రాయండి. ఇంటి ఫొటోలకు ‘స్టోరేజ్ సేవర్’ సరిపోతుంది, తేడా కంటికి పెద్దగా తెలియదు. అన్నిటికీ ఒకే సెట్టింగ్ పెట్టి చోటు చాలడం లేదనుకోవద్దు.

చాలామంది దెబ్బతినేది ఇంకోచోట. క్లౌడ్‌లోకి ఎక్కింది కదా అని ఫొటోస్ యాప్‌లోనే ఫొటోను డిలీట్ చేస్తారు. అది ఫోన్లోంచీ పోతుంది, క్లౌడ్‌లోంచీ పోతుంది. రెండూ ఒకదానికొకటి కట్టేసి ఉన్నాయి. ఫోన్లో చోటు మాత్రమే కావాలంటే ‘ఫ్రీ అప్ స్పేస్’ నొక్కాలి, అది క్లౌడ్ ప్రతిని ముట్టుకోదు. పొరపాటున డిలీట్ అయితే, బ్యాకప్ అయిన ఫొటో 60 రోజులు ట్రాష్‌లో ఉంటుంది. ఈ సంగతి ఇంట్లో పిల్లలకూ పెద్దలకూ ఫోన్ చేతిలో పెట్టి చూపించండి, మాటలతో చెబితే గుర్తుండదు.

మెమోలు, లైసెన్సు లాంటివాటికి చోటు కొనాల్సిన పనే లేదు. 2015 జులైలో మొదలైన డిజీలాకర్ ఉచితం. అందులో ఒక తేడా తెలియాలి. ప్రభుత్వ సంస్థ నేరుగా జారీ చేసిన పత్రం చట్టప్రకారం అసలుతో సమానం. మీరు స్కాన్ చేసి పైకెక్కించింది నకలు మాత్రమే. పాత రిజిస్ట్రీ దస్తావేజు స్కాన్ కూడా అంతే, అయినా దాన్ని వదలకండి. దస్తావేజు నంబరు, సంవత్సరం, ఆఫీసు పేరు ఆ ఫొటోలో స్పష్టంగా ఉంటే, అసలు పోయినా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నకలు తీసుకోవడానికి దారి దొరుకుతుంది.

పాలమూరు నుంచి బొంబాయికో, గల్ఫ్‌కో పనికి పోయే కుటుంబాలకు ప్రత్యేకంగా ఒక మాట. ఊరు మారితే సిమ్ మారుతుంది, పాత నంబరు రీచార్జి లేక ఆగిపోతుంది. అలా ఆగిన నంబరును 90 రోజుల దాకా ఎవరికీ ఇవ్వరు, ఆ తర్వాత కొత్తవాళ్ళకు ఇవ్వొచ్చు. మీ ఖాతా ఇంకా ఆ నంబరుకే కట్టేసి ఉంటే ఓటీపీ ముక్కూమొహం తెలియని మనిషి ఫోన్‌కు పోతుంది, మీరు మీ ఫొటోల బయట నిలబడిపోతారు. సిమ్ మార్చడానికి ముందే ఖాతాలో కొత్త నంబరు చేర్చండి. ఇంటి దగ్గర ఉండే భార్యదో తమ్ముడిదో మెయిల్‌ను రికవరీకి ఇవ్వండి. రెండంచెల భద్రత పెట్టుకుంటే గూగుల్ పది బ్యాకప్ కోడ్‌లు ఇస్తుంది. వాటిని కాగితం మీద రాసి పాసుపుస్తకంలో పెట్టండి. ఫోన్ పోయిన రోజు ఆ కాగితం విలువ తెలుస్తుంది.

క్లౌడ్ ఒక్కటే చాలా అంటే, చాలదు. వేల కోట్లు పెట్టే కంపెనీలే ఒక్కచోట ఆగవు. పుణె, ముంబై, చెన్నై తర్వాత దేశంలో నాలుగో డేటా సెంటర్ ప్రాంతం హైదరాబాద్ అని మైక్రోసాఫ్ట్ 2022 మార్చిలో ప్రకటించింది, దానికోసం భూములు తీసుకున్న చోట్లలో పాత మహబూబ్‌నగర్ జిల్లా షాద్‌నగర్ దగ్గరి ఎల్లికట్ట కూడా ఉంది. మన స్థాయిలో చేయగలిగింది ఫోన్లో ఒకటి, క్లౌడ్‌లో ఒకటి, హార్డ్‌డిస్క్‌లో ఒకటి. ఆ హార్డ్‌డిస్క్ మీ ఇంట్లో కాకుండా వనపర్తిలో అక్క ఇంట్లోనో, మిర్యాలగూడలో బాబాయి ఇంట్లోనో ఉంటే మరీ మంచిది. పండక్కి కలిసినప్పుడల్లా కొత్తవి ఎక్కించి మళ్ళీ ఇచ్చేయండి.

ఇంత చేశాక ఒక పరీక్ష పెట్టండి. వేరే ఫోన్ తీసుకుని, మీ ఖాతాలోకి వెళ్ళి, అయిదేళ్ళ కిందటి ఒక ఫొటోను, ఒక కాగితాన్ని దించి చూడండి. దిగితేనే మీకు బ్యాకప్ ఉన్నట్టు. పాస్‌వర్డ్ గుర్తురాకపోయినా, ఫైలు తెరుచుకోకపోయినా ఇవాళ తెలియడమే మేలు, ఇంకా ఫోన్ చేతిలోనే ఉంది కాబట్టి సరిచేసుకోవచ్చు. ఆరు నెలలకోసారి ఇది చేయండి.

చివరిగా, మీరు లేని రోజు గురించి. రెండేళ్ళు ఎవరూ వాడని వ్యక్తిగత ఖాతాలను తొలగించే విధానాన్ని గూగుల్ 2023 డిసెంబరు నుంచి అమల్లో పెట్టింది. అదే ఖాతా సెట్టింగ్స్‌లో ‘ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్’ ఉంటుంది. మూడు నుంచి పద్దెనిమిది నెలల మధ్య ఒక గడువు పెట్టి, అంతకాలం మీ అలికిడి లేకపోతే ఎవరికి కబురు పోవాలో, ఎవరు ఏవి దించుకోవచ్చో పది మంది దాకా పేర్లు ఇవ్వొచ్చు. ఐఫోన్‌లో ఇలాంటిదే ‘లెగసీ కాంటాక్ట్’. పట్టుమని పది నిమిషాల పని. ముందుగా ఎవరి పేరు పెడుతున్నారో వాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని చేయండి, ఏది ఎక్కడుందో వాళ్ళకూ తెలుస్తుంది.