క్రొత్త నేలలో వడ్రంగి

అడవి నరికి ఊరు కట్టుకొనువారికి మొదట కావలసినది తలదాచుకొను నీడ. ఆ నీడ నిచ్చువాడు వడ్రంగి. పందొమ్మిదవ శతాబ్దారంభమున అమెరికాలో ఒహాయో నదీ ప్రాంతమునకు తరలిపోయిన కుటుంబముల చరిత్ర ఇందులకు నిదర్శనము.

ప్రయాణమున బరువు తగ్గించుకొనుటకై వారు గొడ్డలి, బాడిస, ఉలి, బరమ మున్నగువాని ఇనుప భాగములనే తరచుగా కొనిపోయెడివారు. పిడులను చేరినచోట హికరీ వంటి గట్టికొయ్యతో చేసికొనెడివారు.

చెట్టు కూల్చుటకు ఒక గొడ్డలి, మ్రాను చదును చేయుటకు వెడల్పాటి అంచుగల మరియొక గొడ్డలి యుండెడివి. చెక్కువాని వ్రేళ్లు మ్రానునకు ఒరసికొనకుండ రెండవదాని పిడి కొంచెము ప్రక్కకు వంచబడియుండెడిది. పైకప్పు చెక్కలను రంపముతో కోయక, కత్తిని దుంగపై నిలిపి కొయ్యసుత్తితో మోది చీల్చెడివారు. రంపము కొయ్య నారను తెంచును. చీలిక నార వెంట పోవును. అందుచే చీల్చిన చెక్క వానకు ఎక్కువకాలము నిలుచును.

ఇనుప మేకులు దూరము నుండి రావలెను; వెల ఎక్కువ. కావున దూలములను బెజ్జములు తొలచి కలిపి, కొయ్యసీలలతో బిగించెడివారు. బాగుగా ఎండిన సీలను పచ్చిదూలమున దిగగొట్టిన, దూలము ఆరుచు కుదించుకొని సీలను గట్టిగా పట్టుకొనును. ఏ కొయ్య ఎప్పుడెట్లు కదలునో ఎరుగుటయే ఆ విద్యలోని కీలకము.

అబ్రహాం లింకన్ తండ్రి థామస్ ఇట్టి వడ్రంగియే. ఆయన 1816లో కెంటకీ నుండి ఇండియానా అడవులకు కుటుంబముతో వలసపోయెను. 1818 అక్టోబరులో ఆయన భార్య నాన్సీ మరణించెను. విషపుమొక్కను మేసిన ఆవుల పాలు త్రాగుటచే కలుగు వ్యాధి ఆమెను బలిగొనెను. ఆమె శవపేటికను థామస్ తన చేతులతోనే చేసెననియు, తొమ్మిదేండ్ల అబ్రహాం దానికి సీలలు చెక్కి యిచ్చెననియు లింకన్ జీవితచరిత్రలు చెప్పుచున్నవి. తరువాత 1821 ప్రాంతమున ఆ పల్లెవారు ప్రార్థనా మందిరము కట్టుకొన్నప్పుడు ఆ పనిలోను థామస్ ముఖ్యుడుగా నుండెను.

ఇల్లు కట్టిన గొడ్డలియు ఉలియు శవపేటికకును, మందిరమునకును పనికివచ్చినవి. పనిముట్లు కొన్నియే, వానిని పట్టిన చేయి మాత్రము ఊరివారి సుఖదుఃఖములు రెండింటను తోడు నిలిచెను. బిడ్డలకు చేతిపని నేర్పు తల్లిదండ్రులు ఈ సంగతిని కూడ చెప్పవలెను.